రిజిస్టర్లో నంబరు ఉంది, మనిషి లేడు

(ఉత్తర తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్ల శిక్షణ తరగతిలో ఒక రిటైర్డ్ హెడ్ నర్సు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆశా అక్కలకు, ఏఎన్ఎం సిస్టర్లకు, టీచర్లకు, వెనక వరసలో కూర్చున్న డాక్టర్లకు కూడా.

ముందుగా మీ చేత ఒక పని చేయిస్తాను. మీ సంచుల్లో గర్భిణుల రిజిస్టర్ ఉంటుంది కదా, తీయండి. ఏ పేజీ అయినా సరే తెరవండి. అందులో ఫోన్ నంబరు గడి ఉంది, ఆ నంబరు ఎవరిదో రాసే గడి కూడా ఉంది. భర్త నంబరు ఉన్న పేజీ ఎంతమందికి వచ్చింది? చేతులెత్తండి.

(చాలామంది చేతులెత్తారు.)

సరే, దించండి. ఇప్పుడు రెండోది. ఆ నంబరుకు ఫోన్ చేసి, "జెర మీ ఇంటామెకు ఇయ్యి" అనకుండా, ఆయనతోనే మాట్లాడటానికి ఫోన్ చేసినవాళ్లు ఎంతమంది?

(రెండు చేతులు లేచాయి.)

ఆ ఇద్దరికీ దండం. మిగతావాళ్లను తప్పు పట్టడానికి అడగలేదమ్మా. నేను ముప్పై ఏళ్లకు పైగా కాన్పుల గదిలో పనిచేశాను. అన్నేళ్లలో నేను కూడా ఆ రెండో చేయి ఎత్తగలిగేదాన్ని కాదు. ఆయన పేరు, నంబరు, ఆధార్, సంతకం అన్నీ మన దగ్గర ఉన్నాయి. ఆయన మాత్రం లేడు. తండ్రులు రావడం లేదని మనం అనుకుంటాం. మనం వాళ్లను పిలవనేలేదని నేను చెప్పడానికి వచ్చాను.

ఇది నాకు ఎట్లా తెలిసివచ్చిందో చెప్తాను. చాలా ఏళ్ల కింద నేను పనిచేసిన ఒక దవాఖానలో రాత్రి పదకొండు దాటాక ఒక అమ్మాయి నొప్పులతో వచ్చింది. మొదటి కాన్పు. వెంట తల్లి, అత్త, భర్త. ఆ అబ్బాయి ఆటో నడుపుతాడు. తన ఆటోలోనే తీసుకొచ్చాడు. కాన్పుల గది తలుపు మీద ఎర్ర రంగుతో "పురుషులకు ప్రవేశం లేదు" అని రాసి ఉండేది. ఆ తలుపు పక్కన గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో పాత నూలు చీరల మూట. నిలబడ్డాడని ఎందుకు చెప్తున్నానంటే, ఆ వరండాలో ఉన్న ఒక్క బెంచీ మీద ఆడవాళ్లు కూర్చున్నారు. తెల్లారి అయిదింటి వరకు అతను ఆ గోడ దగ్గరే ఉన్నాడు. ఫ్లాస్కు కింద కూడా పెట్టలేదు.

ఆ రాత్రి నేను మూడుసార్లు బయటికి వచ్చి అతన్ని పిలిచాను. ఒకసారి సంతకానికి. ఒకసారి మందుల చీటీ ఇవ్వడానికి. ఒకసారి చీర గుడ్డ కోసం. మూడుసార్లూ "పేషెంటు తాలూకు ఎవరు?" అనే అరిచాను. ఆడపిల్ల పుట్టింది. తుడిచి, గుడ్డలో చుట్టి, తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టాను. అతను ఇద్దరు ముసలమ్మల భుజాల మీదుగా మెడ చాచి బిడ్డను చూశాడు. నేను తలుపు వేసుకొని లోపలికి పోయాను.

ఆరో రోజు సాయంత్రం అదే ఆటో మళ్లీ వచ్చింది. పిల్ల ఒళ్లు చల్లబడిపోయింది. ఏడుపు లేదు. ముందురోజు మధ్యాహ్నం నుంచి పాలు తాగడం మానేసిందట. తల్లిగారింట్లో దిష్టి అనుకున్నారు, దిష్టి తీశారు. సాయంత్రం చూడ్డానికి వచ్చిన తండ్రి, "పడుకున్నది, లేపకు" అంటే ఊరుకొని ఇంటికి పోయాడు. మరునాడు మళ్లీ వచ్చేసరికి ఇట్లా ఉంది. మా డాక్టరు గారు చూసి వెంటనే జిల్లా ఆస్పత్రికి పంపారు. దేవుడి దయ, బిడ్డ బతికింది. పదకొండు రోజులు అక్కడే ఉంచారు. తర్వాత కనపడ్డప్పుడు నేను ఊరుకోలేక, "పాలు తాగడం లేదంటే ఆ పొద్దే తేవద్దా?" అన్నాను కోపంగా. అతను ఒకటే మాట అన్నాడు. "సిస్టర్, నాకెవ్వలు చెప్పలే."

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ ఇంట్లో బండి ఉన్నది అతనికి. ఫోన్ ఉన్నది అతనికి. రాత్రంతా పది అడుగుల దూరంలో నిలబడినవాడు కూడా అతనే. మూడుసార్లు అతని మొహం చూసి మాట్లాడాను. "పిల్ల పాలు తాగకపోతే, ఒళ్లు చల్లబడితే ఆగకుండా తీసుకురా తమ్మీ" అని చెప్పడానికి అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం నేను ఖర్చు పెట్టలేదు.

ఇప్పుడు మన పద్ధతి సంగతి చూద్దాం. మొదటి కాన్పు తల్లిగారింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో శ్రీమంతం చేసి అమ్మాయిని తీసుకుపోతారు. కాన్పయ్యాక మూడో నెల, కొన్ని ఇళ్లల్లో అయిదో నెల దాకా అక్కడే. ఈ ఆచారం చెడ్డదని నేను అనను. ఆ సమయంలో కన్నతల్లి చేతి వంట, కన్నతల్లి పక్కన నిద్ర, ఇవి ఏ మందూ ఇవ్వలేని బలం. కానీ ఆ నాలుగైదు నెలల్లో తండ్రి చుట్టమైపోతాడు. ఆదివారం పండ్లు పట్టుకొని వస్తాడు, అల్లుడు వచ్చాడని కోడి కోస్తారు, బిడ్డను పది నిమిషాలు చూపిస్తారు, చీకటి పడకముందే బయలుదేరతాడు. ఎత్తుకోవడానికి చేతులు చాచేలోపే "నీకు పట్టుకోరాదు బిడ్డా" అంటారు. అప్పుడు నేర్చుకోనివాడు తర్వాత ఎప్పుడు నేర్చుకుంటాడు?

దీన్ని మన లెక్కకు కలిపి చూడండి. దవాఖానలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా ఆరుసార్లు పోవాలి: మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు. ఆ ఆరు రోజులూ బిడ్డ అమ్మమ్మ ఊళ్లో ఉంది. తండ్రి వేరే ఊళ్లో పనిలో ఉన్నాడు. అంటే మన కార్యక్రమం ఎంత బాగా నడిచినా ఆయన మనకు ఎదురుపడే అవకాశమే తక్కువ. అందుకే ఆయన్ని పట్టుకోవాల్సింది కాన్పు తర్వాత కాదు, అమ్మాయి తల్లిగారింటికి పోకముందు. మూడో నెల నుంచి ఏడో నెల లోపు.

ఆ నెలల్లో ఆయన ఎక్కడుంటాడో మీకు తెలుసు. ప్రతి నెలా తొమ్మిదో తారీఖు మన పీహెచ్‌సీల్లో గర్భిణుల చెకప్ ఉంటుంది. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి దేశమంతా అదే తారీఖు. ఆ రోజు మీ పీహెచ్‌సీ గేటు బయట వేపచెట్టు కింద చూడండి. బండ్లు వరసగా స్టాండు వేసి ఉంటాయి. వాటి మీద మగవాళ్లు కూర్చొని ఫోన్ చూస్తుంటారు. వాళ్లంతా ఎవరు? మనం "రావడం లేదు" అంటున్న తండ్రులు. ఒక పూట కూలీ పోగొట్టుకొని, పది కిలోమీటర్లు బండి మీద జాగ్రత్తగా, గుంతల దగ్గర నిదానంగా నడుపుకుంటూ భార్యను తెచ్చారు. గేటు దాటి లోపలికి రారు. లోపల వాళ్లకు కుర్చీ లేదు, పిలిచే మనిషి లేదు, వస్తే "ఆడవాళ్లున్నారు, బయట ఉండన్నా" అంటాం.

మీరు చెట్టు కిందికే పోండి. అదే మీ మీటింగు హాలు అనుకోండి. పదిహేను నిమిషాలు చాలు. కానీ పోగానే ఉపన్యాసం మొదలుపెట్టకండి. మొదటి ప్రశ్న ఆయన గురించి అడగండి. "తమ్మీ, నీకెట్లున్నది? రాత్రి నిద్ర పడుతున్నదా?" అనండి. ఏమంటాడు? "నాకేమున్నది అక్కా, మంచిగనే ఉన్న" అంటాడు. ఆ మాటకు తృప్తిపడి పక్కవాడి దగ్గరికి పోకండి. కొంచెం ఆగండి. నేను చూశాను, ఆ కాసేపటి తర్వాతే అసలు మాట వస్తుంది. "ఆపరేషన్ అంటరేమో అని భయమైతుంది." "అప్పు ఎట్ల తేవాల్నో." "మా అమ్మ కాన్పుల చచ్చిపోయింది అక్కా." ఈ చివరి మాట ఒక ఇరవై మూడేళ్ల అబ్బాయి నాతో అన్నాడు. ఆ అబ్బాయి భార్య చెకప్‌కు నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ అతను గేటు దగ్గరే ఉన్నాడు. ఆ టెన్షన్ మోస్తున్నాడని మాలో ఒక్కరికీ తెలియదు.

తర్వాత పని చెప్పండి. మగవాళ్లకు సలహా కంటే పని బాగా ఎక్కుతుంది. పని అంటే నిజమైన పని, సంచి మోసేది కాదు.

రక్తం గ్రూపు సంగతి ఒకటి చాలు ఆయన్ని లోపలికి తేవడానికి. భార్యది నెగెటివ్, ఆయనది పాజిటివ్ అయితే బిడ్డది పాజిటివ్ కావచ్చు. అప్పుడు ఏడు నెలల ప్రాంతంలో ఒకసారి, బిడ్డది పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకోసారి, తల్లి ఒళ్లు బిడ్డ రక్తానికి ఎదురుతిరగకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ వేయాలి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్ మీకు తెలుసు. తల్లి ఒక్కదాన్నే పరీక్ష చేసి ఏం లాభం? ఇద్దరిలోనూ ఆ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఉంది. ఇది చెప్తే ఆయన తనంతట తానే చేయి చాపుతాడు. ఇది తన బిడ్డలో తన సగం గురించిన సంగతి కదా.

ఐరన్ మాత్రలు సరే. గర్భిణిగా 180, బాలింతగా 180 ఇస్తాం. డబ్బా నిండా ఉండగానే నెల గడిచిపోవడం మీరందరూ చూసిందే. నేను తండ్రులకు చెప్పే మాట ఏమిటంటే, "మాత్ర వేసుకున్నవా అని అడగకు, నీళ్లు నువ్వే తెచ్చియ్యి." ఐరన్, కాల్షియం కలిపి వేసుకోవద్దు. ఐరన్ మాత్రకు ముందో గంట, తర్వాత ఓ గంట చాయ్ తాగొద్దు. మన ఇళ్లల్లో పొద్దూకగానే అందరికీ చాయ్ పెట్టేది గర్భిణి కోడలే. ఆ పూట చాయ్ ఆయన పెడితే రెండు పనులు అయిపోతాయి.

ఇక ప్రమాద సూచనలు. ఇవి పోస్టర్ మీద ఉంటే సరిపోదు. ఆయన చేత పలికించండి. ఆమెకు రక్తం పోవడం, కళ్లు మసకబారేంత తలనొప్పి, మొహం చేతులు వాపు, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గడం. పుట్టిన బిడ్డకు పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం లేదా కాలిపోవడం, నిమిషానికి అరవై కంటే ఎక్కువ ఊపిరి, పక్కటెముకల కింద గుంత పడటం, అరచేతులు అరికాళ్లు పచ్చబడటం. ఊపిరి లెక్కపెట్టడం ఫోన్లో టైమర్ పెట్టి చూపిస్తే ఈ కాలం అబ్బాయిలు మనకంటే బాగా చేస్తారు. గర్భిణులను తీసుకొచ్చే బండి నంబరు 102 అక్కడే ఫోన్లో సేవ్ చేయించండి. రక్తం అవసరమైతే ఇవ్వగల ఇద్దరు స్నేహితుల పేర్లు అడగండి. జనన నమోదు 21 రోజుల్లోపు ఉచితమని చెప్పి ఆ పని ఆయనకు అప్పజెప్పండి.

ఇట్లా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్తే ఫలితం ఉంటుందా అని డాక్టర్లు అడుగుతారు, అడగాలి కూడా. కఠ్మాండులో 442 మంది గర్భిణులతో చేసిన అధ్యయనం ఫలితాలు 2007లో వచ్చాయి. కొందరికి భర్తతో కలిపి చెప్పారు, కొందరికి ఒంటరిగా చెప్పారు, కొందరికి మామూలుగా వదిలేశారు. భర్తతో కలిపి విన్నవాళ్లు కాన్పు తర్వాత చెకప్‌కు మిగతా రెండు గుంపులవాళ్లకంటే ఎక్కువగా వచ్చారు. కాన్పుకు ముందు ఏర్పాట్లు కూడా ఎక్కువ చేసుకున్నారు. మన ఢిల్లీలో కూడా ఈఎస్ఐ డిస్పెన్సరీల్లో కార్మికుల కుటుంబాలతో ఇటువంటి పని చేసి చూశారు. ఫ్యాక్టరీ కార్మికులు రారేమో అని మొదట అనుమానం ఉండొచ్చు. పిలిస్తే వచ్చారు.

ఇప్పుడు సిజేరియన్ల సంగతి. ఇది మన తెలంగాణ సంగతి కాబట్టి కొంచెం ఆగి మాట్లాడతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దగ్గర 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. దేశంలో అందరికంటే ఎక్కువ. ఆంధ్రలో 42.4. ఇన్ని ఎందుకు జరుగుతున్నాయన్నది వేరే పెద్ద చర్చ, దాన్ని నేను ఇప్పుడు ఎత్తను. జరిగాక ఇంట్లో ఏమవుతుందో చూడండి. కుట్లు ఉన్న మనిషి మంచం మీద నుంచి లేవాలంటే ఇంకొకరి చేయి కావాలి. ఒరిగి బిడ్డను ఎత్తుకోలేదు. పాలు ఇవ్వాలంటే బిడ్డను తెచ్చి రొమ్ము దగ్గర పెట్టేవాళ్లు కావాలి. మొదటి గంటల్లో ఇది ఆలస్యమైతేనే పక్కింటావిడ డబ్బా పాలో, తేనెనో, చక్కెర నీళ్లో తెస్తుంది. అక్కడ తండ్రి ఉంటే? బిడ్డను తెచ్చి ఇవ్వడానికి, తేన్పు తీయించడానికి, ముడ్డి తుడిచి బట్ట మార్చడానికి పాలు ఉండాల్సిన పని లేదు. ముర్రుపాలు తప్ప ఏదీ నాకించొద్దని అత్తకు చెప్పాల్సి వస్తే కోడలి కంటే కొడుకు నోటి నుంచి ఆ మాట వస్తే నిలబడుతుంది.

కంగారూ పద్ధతి గురించి కూడా చెప్పాలి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను ఒంటి మీద బట్టలు లేకుండా, టోపీ, సాక్సు పెట్టి, గుడ్డ లంగోటీ కట్టి, రొమ్ముకు ఆనించి గుడ్డతో కట్టుకోవడం. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఇద్దరు పిల్లల డాక్టర్లు మొదలుపెట్టింది ఇది. 2021లో వచ్చిన పెద్ద అధ్యయనంలో అయిదు దేశాల ఆస్పత్రులు పాల్గొన్నాయి, మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ అందులో ఒకటి. ఒక కిలోకు పైన, కిలో ఎనిమిది వందలకు లోపు ఉన్న పిల్లలకు పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే మొదటి 28 రోజుల్లో చావులు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. తల్లి లేవలేనప్పుడు ఇంటివాళ్లలో ఇంకొకరు ఆ పని చేశారు. వెచ్చదనం ఇవ్వడంలో నాన్న ఛాతీకి, అమ్మ ఛాతీకి బిడ్డ తేడా చూడదు.

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం ఒక నాన్నకు ఇది నేర్పించాను. తాపీ పని చేసే మనిషి. భార్యకు ఆపరేషన్ తర్వాత జ్వరం తగ్గలేదు. బిడ్డ కిలో ఆరువందలు. "చొక్కా విప్పు" అంటే నలుగురు ఆడవాళ్ల ముందు సిగ్గుతో తల వంచుకున్నాడు. తెర అడ్డం పెట్టాను. అరచేతులు చూపించి, "ఇవి గరుకు అక్కా, సిమెంటు పట్టుకొని పట్టుకొని పగిలినయి, పిల్లకు గీసుకపోతది" అన్నాడు. చేతులు సబ్బుతో కడిగించి, కొబ్బరినూనె రాయించి, పిల్లను ఛాతీ మీద పెట్టి చుట్టాను. మొదటి పది నిమిషాలు ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నాడు, గాలి పీలిస్తే పిల్ల జారుతుందేమో అన్నట్టు. "మామూలుగా పీల్చు నాయినా" అన్నాను. గంట తర్వాత పోయి చూస్తే పిల్ల నిద్రపోతోంది, అతను చిన్న గొంతుతో పిల్లకు తను కడుతున్న ఇంటి సంగతి చెప్తున్నాడు. ఎన్ని అంతస్తులో, ఎన్ని కిటికీలో. రోజుకు ఆరు గంటలు, తొమ్మిది రోజులు చేశాడు ఆ మనిషి.

కాన్పుల గదిలోకి తోడు విషయం కూడా ఒక మాట. 2016లోనే కేంద్ర ఆరోగ్యశాఖ ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణికి తోడుగా ఒకరిని అనుమతించమంది. ఆడ తోడును ముందు చెప్పింది. చాటు ఉన్న చోట భర్తను కూడా రానివ్వొచ్చంది. చాటు అంటే ఏమిటి? మంచానికి మంచానికి మధ్య ఒక తెర. మన ఆస్పత్రి అభివృద్ధి నిధుల్లో ఒక తెరకు, ఒక ఇనుప కడ్డీకి డబ్బులు దొరకవా? డాక్టరు గార్లు దయచేసి ఆలోచించండి.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని విషయానికి వస్తాను. తండ్రుల మనసు. కాన్పు తర్వాత తల్లులకు వచ్చే దిగులు గురించి ఈమధ్య కొంచెం మాట్లాడుతున్నాం, మంచిదే. 2010లో 43 అధ్యయనాలను కలిపి చూస్తే కొత్త తండ్రుల్లో కూడా పదిమందిలో ఒకరికి డిప్రెషన్ ఉందని తేలింది. అది అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల మధ్య. నేను ఆ సంగతి చదివినప్పుడు నాకు వెంటనే తట్టింది ఏమిటంటే, మన దగ్గర తల్లీబిడ్డలు తల్లిగారింటి నుంచి తిరిగి వచ్చేది సరిగ్గా అప్పుడే. అంతవరకు చుట్టంగా ఉన్నవాడు ఒక్కరోజులో రాత్రిళ్లు ఏడ్చే పసిబిడ్డకు, నిద్రలేని భార్యకు, కాన్పు అప్పుకు ఒకేసారి బాధ్యుడవుతాడు. ఆ సమయానికి మన ఆరు విజిట్లు అయిపోయి ఉంటాయి. మళ్లీ మూడో నెల విజిట్ ఉంది కదా, అప్పుడు బిడ్డ బరువు చూశాక తండ్రిని కూడా ఒక ప్రశ్న అడగండి.

మగవాడిలో దిగులు ఏడుపుగా రాదు తల్లీ. కోపంగా వస్తుంది. పని అయిపోయినా ఇంటికి రాకపోవడంగా వస్తుంది. తాగుడు పెరగడంగా వస్తుంది. బిడ్డను ఎత్తుకోవడానికి వెనకాడటంగా వస్తుంది. రెండు వారాలు దాటి ఇట్లా ఉంటే మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. "చచ్చిపోవాలనిపిస్తుంది" అన్న మాట వస్తే నంబరు ఇచ్చి పోకండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి చేర్చండి.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ అక్కలు చాలామంది ఉన్నారు. మీ రిజిస్టర్లో సగం తండ్రులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారని నాకు తెలుసు. వాళ్లను వదిలేయకండి. ఇంటికి పోయినప్పుడు, "మీ ఆయనకు వీడియో కాల్ చెయ్యి, నేను మాట్లాడతా" అనండి. అక్కడ ఆయనకు ఏ రోజు సెలవో ముందే అడగండి. మీ విజిట్ ఆ రోజు పడేటట్టు చూసుకోగలిగితే ఇంకా మంచిది. బిడ్డ బొడ్డు ఎట్లా ఉందో, బరువు ఎంత పెరిగిందో ఆయనకు చూపించండి. పన్నెండు మంది పడుకునే గదిలో ఆ మనిషి ఆ రోజంతా ఆ బరువు చెప్పుకుంటాడు.

ఇంత చెప్పాక ఒక హద్దు కూడా గట్టిగా చెప్పాలి. ఇదంతా అమ్మాయి మంచి కోసం, ఆమె ఒప్పుకుంటేనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో మగవాళ్లను కలుపుకోమని చెప్పినప్పుడు, స్త్రీ ఇష్టానికి, ఆమె నిర్ణయానికి గౌరవం తగ్గకుండా ఉంటేనే అని షరతు పెట్టింది. ఆఫ్రికాలో కొన్ని చోట్ల భర్తతో వచ్చినవాళ్లను ముందు చూస్తామన్నారు. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు చివర్లో నిలబడాల్సి వచ్చింది. అట్లాంటి పని మనం చేయొద్దు. భర్త లేనివాళ్లు, వదిలేయబడ్డవాళ్లు, వద్దనుకున్నవాళ్లు మన దగ్గరికి వస్తారు. అందుకే ప్రతి చెకప్‌లో మొదట అమ్మాయిని ఒంటరిగా చూడండి. "ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా? ఆయన్ని లోపలికి పిలవనా, వద్దా?" అని ఆమెనే అడగండి. వద్దంటే వద్దు. కారణం అడగకండి. కొడుతున్నాడంటే ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 నంబరు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం సంగతి చెప్పండి.

సెలవుల గురించి ఎక్కువ చెప్పను. కేంద్ర ప్రభుత్వంలో మగ ఉద్యోగికి పదిహేను రోజుల పితృత్వ సెలవు ఉంది, కాన్పుకు పదిహేను రోజుల ముందు నుంచి ఆరు నెలల లోపు వాడుకోవచ్చు. 2017 చట్టం తల్లికి 26 వారాలు చేసింది గానీ, ప్రైవేటులో పనిచేసే తండ్రికి ఒక్కరోజు కూడా రాయలేదు. ఆటో నడిపే అతనికి, తాపీ మేస్త్రీకి సెలవు అంటే ఆ రోజు కూలీ పోవడమే. అందుకే నేను తొమ్మిదో తారీఖు వేపచెట్టు గురించి అంతగా చెప్పింది. వాళ్లు ఎట్లాగూ ఒక పూట కూలీ వదులుకొని వచ్చారు. ఆ పూటను వృథా చేయకండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక ఏఎన్ఎం: మేడం, మాకు ఆన్‌లైన్ ఎంట్రీలకే టైం చాలదు. ఇది ఇంకో పని అవుతుంది కదా?)

నిజమే సిస్టర్. మీ భారం నాకు తెలుసు, తెలియనట్టు మాట్లాడను. కొత్త రిజిస్టర్ పెట్టమని నేను అడగడం లేదు. మీరు ఎట్లాగూ ఆ నంబరుకే ఫోన్ చేస్తున్నారు, చెకప్‌కు రమ్మని. అదే ఫోన్లో "ఇయ్యి ఆమెకు" అనేముందు ఒక్క నిమిషం. ఆరు నెలల్లో ఆ నిమిషం మీకు తిరిగి వస్తుంది. మాత్రలు అయిపోయాయని, నొప్పులు మొదలయ్యాయని ఆయనే మీకు ఫోన్ చేస్తాడు.

(ఒక ఆశా కార్యకర్త: అత్తలు ఒప్పుకోరు మేడం. "మొగోడు బట్టలు మార్చుడేంది" అంటరు.)

అంటారు. అత్తతో వాదించకు చెల్లే. ఆమెను గెలిచి నువ్వు సాధించేదేం లేదు. ఆమెకూ ఒక పని ఇవ్వు. "అమ్మా, మీ కొడుకుకు బిడ్డను పట్టుకొనుడు మీరే నేర్పాలె, మీకంటే బాగా ఎవరికి వస్తది" అను. తలకాయ కింద చేయి ఎట్లా పెట్టాలో ఆమె చూపిస్తుంది. నేను చాలా ఇళ్లల్లో ఇదే చూశాను. మొదట వద్దన్న అత్తే నాలుగో రోజు, "మా వాడు నాకంటే మంచిగ జోకొడుతడు" అని పక్కింట్లో చెప్పుకుంది.

(ఇంకో ఆశా కార్యకర్త: మా దగ్గర ఒకాయన రోజూ తాగి వస్తడు. మాట్లాడటానికే భయం. ఆమెకు ఎనిమిదో నెల.)

నువ్వు ఒక్కదానివి పోకు. ముందు ఆమెను పీహెచ్‌సీలో ఒంటరిగా కలువు. ఇంట్లో కొట్టుడు ఉందా అని అడుగు. ఉంటే మొదటి పని ఆమె ఎక్కడ కాన్పు కావాలో, రాత్రి నొప్పులొస్తే ఎవరు తీసుకొస్తారో ఆమెతో కలిసి తేల్చుకోవడం. అందులో ఆయన్ని లెక్కలో పెట్టుకోకు. కొట్టుడు లేదంటే, ఆమె సరేనంటే, ఆయన్ని పొద్దున్నే కలువు. ఏడింటికి, పనికి పోయే ముందు. తాగిన మనిషితో సాయంత్రం మాట్లాడి లాభం లేదు. తాగుడు గురించి ఎత్తకు. బిడ్డ గురించి ఒక్కటే అడుగు. "ఎనిమిదో నెల పడ్డది అన్నా, దవాఖానకు ఏ బండి మాట్లాడినవ్?" అను. ఏమంటాడో రాసుకో. వచ్చే వారం నాకు ఫోన్ చెయ్యి, ఏమన్నాడో చెప్పు. ఆయనతో తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరం ఆలోచిద్దాం.